బీడీ ఆకు తునకల్లో బొమ్మలు వెతికిన పెద్దమ్మ

మా పక్కింటి పెద్దమ్మ పోయిన నెల ఒక బుధవారం పొద్దున్నే పోయింది. పొగాకు దుమ్ము ఏళ్ల తరబడి పీల్చిన ఊపిరితిత్తులు ఇక మా వల్ల కాదన్నాయి. దవాఖానకు తీసుకుపోయారు గానీ లాభం లేకపోయింది. ఆమె నాకు చుట్టమేమీ కాదు. సిద్దిపేటలో మా గల్లీలో మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ, అంతే. అయినా ఆ కబురు విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు.

ఆమె బీడీలు చుట్టేది. నానబెట్టిన ఆకు మీద రేకుముక్క పెట్టి, దాని కొలతకు కత్తెరతో కోసేది. పక్కకు రాలిన తునకలను అందరూ ఊడ్చి పొయ్యిలో వేస్తారు. పెద్దమ్మ మాత్రం ఒక సంచిలో దాచేది. మధ్యాహ్నం తిన్నాక కొత్త చీరల్లో వచ్చే అట్ట ముందేసుకుని, వాటిని అన్నం మెతుకులతో అతికించేది. మేకలు, కోళ్లు, బోనమెత్తిన ఆడవాళ్లు, టికెట్లు కొట్టే కండక్టరు. ఒకసారి చీపురు పట్టుకున్న మా ఆవిడను కూడా చేసింది. మా ఆవిడ కొన్నాళ్లు ఆమెతో మాట మానేసింది. కానీ ఆ బొమ్మను ఎవరికీ ఇవ్వనివ్వలేదు, మా ఇంట్లోనే పెట్టుకుంది.

నేను బోర్డులు రాసేవాణ్ణి. చిన్నకోడూరు దాకా ఏ కిరాణా దుకాణం పేరు చూసినా నా చేతిరాతే కనబడేది. ఫ్లెక్సులొచ్చాయి, నా బ్రష్షులు ఎండిపోయాయి. బావమరిది దగ్గరికి మహారాష్ట్రలోని బివండి పోయి మగ్గాల పనిలో చేరతానని ఇంట్లో చెప్పేశాను. పెద్దమ్మ గోడ అవతలి నుంచే అంతా విన్నది.

"ఏంది కొడుకా, బివండి పోతున్నవట?"

"పోక ఏం జెయ్యాలె పెద్దమ్మా? నా రాత ఎవలికి గావాలె?"

"రాత వద్దన్నరు. చెయ్యి గూడ వద్దన్నరా? గీడికి రా, కూసో."

పోయి కూర్చున్నాను. నేనూ ఆర్టిస్టునే కదా అన్న పొగరుతో అట్ట మీద పెన్సిలుతో చకచకా ఎద్దును గీసి, కొమ్ము కోసం ఆకు ముక్క తీసుకుని కత్తెర అందుకున్నాను. నా చేతి మీద ఒక్కటేసింది.

"కత్తెర బీడీలకు. బొమ్మకు పెడితే ఊకోను."

"మరి కొమ్ము ఎట్లొస్తది?"

"నువ్వు జేసుడేంది? గా సంచిల్నే ఉంటది, దేవులాడు. రేకు పెట్టి కోసింది కంపెనీది, కింద పడ్డది మనది. దాన్ని గూడ కొలిచి కోస్తే ఇగ మనకేం మిగిలింది?"

సాయంత్రం దాకా సంచి దేవులాడాను. విసుగొచ్చింది, నడుము పట్టేసింది. చివరికి ఈనె పక్కన వంపు తిరిగిన తునక ఒకటి దొరికింది. ఎన్ని ఎద్దులను గీశానో గానీ అంత మంచి కొమ్ము నా బ్రష్షుకు ఎన్నడూ రాలేదు. నవ్వొచ్చింది. నా చేయి ఇంకా బతికే ఉందని ఆ రోజు అనిపించింది.

బివండి పోలేదు. నేను రోజూ తిట్టిపోసిన ఫ్లెక్సు షాపులోనే కంప్యూటరు నేర్చుకుని పనిలో చేరాను. సాయంత్రమైతే పెద్దమ్మ అరుగు మీద చేరేవాణ్ణి. తడి ఆకు అతికించబోతే ఆపేది. "ఎండనియ్యి కొడుకా, ఎండినంకనే దాని రంగు తెలుస్తది" అనేది. చేసిన బొమ్మ ఒక్కటీ తన దగ్గర ఉంచుకునేది కాదు. ఇంట్లో ఉంటే ఇంకోటి చెయ్యబుద్ధి కాదట.

ఇప్పుడు ఆ ఇంట్లో బీడీలు చుట్టేవాళ్లు లేరు. ఆమె కోడలు బట్టల షాపులో పనికి పోతుంది. దినాలయ్యాక ఆ సంచి తెచ్చి నా చేతిలో పెట్టింది. "పొయ్యిల ఏద్దామంటే చేతులొస్తలేవన్నా" అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

పెద్దమ్మ ముఖం చేయాలని రోజూ ఆ సంచి ముందు కూర్చుంటున్నాను. ఏ తునక తీసినా మేకో, పిట్టో అవుతుంది గానీ ఆమె కావడం లేదు. కత్తెర అందేంత దూరంలోనే ఉంది. ముట్టలేదు.

నిన్న సాయంత్రం ఒక తునక దొరికింది. ముదురు రంగుది, అంచు కొంచెం లోపలికి వంగింది. బీడీకి చుట్టిన దారాన్ని పంటితో తెంపేటప్పుడు ఆమె చెంప అచ్చం అట్లాగే సొట్టపడేది. మెతుకు పెట్టి అతికించాను. అంత పెద్ద అట్ట మీద ఇప్పటికి ఆ చెంప ఒక్కటే ఉంది.