పసుపు చేను మీదుగా చింతూరు

మా సత్యవతి పిన్ని కూతురు చింతూరులో టీచరు. శ్రావణంలో అక్కడే సీమంతం, ముహూర్తం పన్నెండింటికి. మొదటి గాజులు తన చేత్తోనే తొడగాలని పిన్ని పట్టు. అందుకే ఆత్రేయపురం పూతరేకులు, రావులపాలెం అరటి గెల సారెగా పెట్టుకుని, ఐదు వేలకు కారు మాట్లాడుకుని, తెల్లవారుజామున నాలుగున్నరకు ఇద్దరం బయలుదేరాం.

రాజమండ్రి, రంపచోడవరం దాటి ఎనిమిదింటికి మారేడుమిల్లిలో పొగలు కక్కే ఇడ్లీలు తిన్నాం. ఘాట్ రోడ్డు ఎక్కిన అరగంటకే కారు ఆగిపోయింది. రాత్రి వానకు కొండచరియ విరిగి రోడ్డు మీద పడింది. ఎర్రటి బురద, బండలు, వేళ్ళతో సహా చెట్లు! ముహూర్తం పోయినట్టేనని నాకు ఏడుపొచ్చింది. పిన్ని మాత్రం చీర కుచ్చిళ్ళు పైకి దోపింది.

"మనకి బురద కొత్తేంటే? ఊడ్పుల్లో పెరిగినదాన్ని నేను!" అంటూ అడుగేసి, మోకాలి దాకా దిగబడిపోయింది.

దారి తీస్తున్నవాళ్ళలోంచి సోమిరెడ్డి అనే కొండరెడ్డి తెగ రైతు వచ్చి, నవ్వుతూ ఆవిడను పైకి లాగాడు. "మీ చేలో బురదకి అడుగున గట్టి నేల ఉంటాదమ్మా. దీనికి లేదు. వెదురు తడికలు పరుస్తున్నాం, వాటి మీదే నడవండి."

చరియకు అవతల ఆటోలున్నాయి. పదిన్నరకు బాట సిద్ధమైంది. సోమిరెడ్డి అరటి గెల భుజానికెత్తుకుని ముందు నడిచాడు.

"ఎవరి పొలమైనా పోయిందాండీ?" అని పిన్ని అడిగింది.

"నాదేనమ్మా. రెండేళ్ళు పెంచిన పసుపు చేను, చరియతో పాటే జారిపోయింది. మీరు నడిచేది దాని మీదే."

పిన్ని కాలు కదపలేదు.

"ఆగకండమ్మా, ముహూర్తం దాటిపోద్ది," అంటూ అతనే వంగి, బురదలోంచి నాలుగు పచ్చి పసుపు కొమ్ములు పీకి సారె బుట్టలో పెట్టాడు. "శుభకార్యానికి ఉత్త చేతుల్తో పంపకూడదు."

పిన్ని కళ్ళు తుడుచుకుని, పూతరేకుల పెట్టె విప్పి, అక్కడున్న అందరికీ పంచింది. కాగితంలా ఉన్నది నోట్లో కరిగిపోతుంటే ఒకటే నవ్వులు!

ఆటోకు తలకు రెండొందలు. పన్నెండుకు పది నిమిషాలుండగా చేరాం. పిన్ని ఆ పసుపే అరగదీసి కూతురి బుగ్గలకు రాసి, గాజులు తొడిగింది. ఇంత సంతోషమైన సీమంతం నేను చూడలేదు.

గోదావరికి ఎర్రనీరొస్తే పొలాలకు మంచిదని మేం ఏటా సంబరపడతాం. ఆ ఎరుపు ఎవరి చేలోంచి వస్తోందని ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగలేదు. వానాకాలం ఈ దారిన వెళ్ళేవారు మారేడుమిల్లిలోనే ఘాట్ సంగతి కనుక్కోండి. చరియ పడితే స్థానికులు చూపించిన చోటే అడుగు వేయండి. వేసేముందు, అది ఎవరి చేనో ఒక్క మాట అడగండి.