రెండో అధ్యాయంలో ఉన్న మనిషి

నా పీహెచ్‌డీ గ్రంథంలో అందరూ మెచ్చుకునేది రెండో అధ్యాయం. ఆ మెప్పంతా ఇన్నేళ్లూ నేనే తీసుకున్నాను. అది తప్పు.

అనంతపురంలో కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ పరిశోధన చేశాను. వాన ఎన్నిసార్లు మోసం చేసినా మా రైతులు వేరుశనగే ఎందుకు వేస్తారన్నది నా విషయం. దాని మీద అంతకుముందు ఎవరేం రాశారో సమీక్షించాల్సింది రెండో అధ్యాయంలో. ఫలానా ఆయన ఇలా అన్నారు, ఫలానా ఆవిడ అలా అన్నారు అంటూ సంవత్సరాల వరుసలో నలభై పేజీలు నింపాను. గైడు రెండుసార్లు తిప్పి పంపారు. మూడోసారీ ఇలాగే ఉంటే పరిశోధన మానుకోమన్నారు.

ఆ పేజీలు టైపు చేసేది నా భార్య. ధర్మవరంలో మగ్గాలున్న ఇంట్లో పుట్టింది, డిగ్రీ చదివింది. ఒకరోజు టైపు చేయడం ఆపి అంది:

"ఏమయ్యా, ఇది పెండ్లికి వచ్చినోళ్ల పట్టీ మాదిరి ఉండాది. ఎవురికి ఎవురితో పడదో యాడ రాసినావు?"

"పరిశోధకులు మీ పెద్దనాయనలు కాదు, కొట్లాడుకోవడానికి."

"కొట్లాడతాండారు కదప్పా! వేరే పంట బతకదని సెనక్కాయ వేస్తారంటాడు ఈయన. చేతికి దొరికే విత్తనం అదొక్కటే గాబట్టి వేస్తారంటాది ఈయమ్మ. ఇద్దర్నీ పది పేజీల దూరంలో కూర్చోబెట్టినావు. పెండ్లిలో అయితే సరే, ఈడెందుకు?"

కొన్నాళ్లకు ఒక సాయంత్రం నేను కాలేజీ నుంచి వచ్చేసరికి, నేను సేకరించిన వ్యాసాలన్నీ పట్టు పోగులతో కట్టలు కట్టి ఉన్నాయి. ఆయన పక్షానికి ఎర్ర పోగు, ఆవిడ పక్షానికి పచ్చ పోగు. ఇద్దరితోనూ మంచిగా ఉండాలనుకున్న వాళ్లకు తెల్ల పోగు. నా పాత వ్యాసం తెల్ల కట్టలో అడుగున ఉంది.

"అన్నీ చదివినా," అంది. "అందరూ మొగోళ్లనే అడిగినారు. ఇంట్లో కూర్చొని విత్తనానికి కాయలు ఒలిచేది ఎవురు? వాళ్లను ఒక్కరన్నా అడిగినారా?"

అధ్యాయం ఆ కట్టల వరుసలోనే తిరగరాశాను. ఆమె చివర అడిగిన ప్రశ్నే నా పరిశోధన అయింది. ముదిగుబ్బ చుట్టూ పల్లెల్లో ఆడవాళ్ల దగ్గర కూర్చుని కాయలు ఒలుస్తూ రాసుకున్నాను. వాళ్ల మాట ఎవరూ వినలేదని గ్రంథంలో గట్టిగానే వాపోయాను. కృతజ్ఞతల పేజీలో మాత్రం "టైపింగులో సహకరించిన నా శ్రీమతికి" అని రాశాను. ఆ పేజీ కూడా ఆమే టైపు చేసింది.

ఇప్పుడు ఆ గ్రంథం పుస్తకంగా వస్తోంది. కొత్త ముందుమాటలో నా వెనక నిలబడి నడిపించిందంటూ ఆమె గురించి ఒక పేజీ రాసి చూపించాను. చదివి అద్దాలు తీసింది.

"వెనక ఏందప్పా? నేను ఉండేది రెండో అధ్యాయంలో కదా!"

ఆ పేజీ చించేశాను. రెండో అధ్యాయం మొదట్లో, నా పేరు పక్కన ఆమె పేరు చేర్చాను. ప్రూఫు ఆమే దిద్దుతోంది.