నిమిషాల తాతయ్య టైంటేబుల్

నిమిషాల తాతయ్య దృష్టిలో క్షమించరాని నేరం ఒక్కటే: ఆలస్యం. బస్ డిపోలో ముప్పై ఏళ్లు టైంకీపరుగా చేసి, రిటైరైన మర్నాటి నుంచి అదే ఉద్యోగం ఇంట్లో మొదలుపెట్టాడు. పాలప్యాకెట్ రెండు నిమిషాలు లేటైతే పాలవాడు సంజాయిషీ ఇచ్చుకోవాల్సిందే.

కూతురూ అల్లుడూ విడాకులకి సిద్ధమై ఫ్రిజ్జుతో సహా అన్నీ పంచుకున్నారు. ఏడేళ్ల పాప ఎప్పుడు ఎవరి దగ్గరుండాలో మాత్రం తేలలేదు. "ఇద్దరూ ఒప్పుకుని రాసుకురండి" అంది లాయరమ్మ. ఒప్పుకోవడమే వస్తే ఆవిడ దగ్గరికెందుకు వెళ్తారు?

"నేను రాస్తా" అంటూ స్కేలు తీశాడు తాతయ్య.

శనివారం తాతయ్య ఇంట్లో పాప హాల్టు, సాయంత్రం ఆరింటికి తండ్రి రాక. ఆదివారం అదే హాల్టుకి తిరుగు ప్రయాణం, తల్లి రాక. జ్వరమొస్తే సర్వీసు రద్దు.

"నాన్నా, ఇది పిల్లా, బస్సా?"

"బస్సుకైతే స్పేరుంటుందమ్మా."

కూతురు ఒక షరతు చేర్పించింది: తండ్రి మూడుసార్లు ఆలస్యమైతే శనాదివారాలు రద్దు. సొంత పెళ్లికే గంట లేటుగా వచ్చిన మనిషి కాబట్టి మూడు వారాల్లో పనైపోతుందని ఆమె ధీమా.

అల్లుడి మొహం పాలిపోయింది. "మామయ్యా, ఓ ఐదు నిమిషాలు అటూ ఇటూ..."

"అటూ లేదు, ఇటూ లేదు."

కూతురు అల్లుడి టైమున్న వరస మాత్రమే చదివి సంతకం పెట్టింది. అల్లుడు ఏదీ చదవలేదు. తాతయ్య తలా ఒక నకలు తన చేత్తోనే రాసిచ్చాడు, పాపతో సహా.

ఇక ప్రతి శనివారం పాపని దింపి, కూతురు వరండాలో గడియారంతో కాపలా. విచిత్రం! రెండు నెలలుగా అల్లుడు ఆరుకి ఐదు నిమిషాల ముందే రొప్పుతూ వచ్చేస్తున్నాడు. పైగా దొంగలా తల దించుకుని. ఆ వినయం చూస్తే ఆమెకి ఇంకా ఒళ్లు మండేది.

ఓ శనివారం అతను జేబురుమాలు తీస్తుంటే కాగితం కిందపడింది. పాప చెప్పులు వేస్తూ అతను చూసుకోలేదు. కూతురు విప్పి చూసి లోపలికి పరిగెత్తింది.

"నాన్నా! ఇందులో ఐదున్నర అనుంది!"

"అవునా? పొరపాటు."

"ముప్పై ఏళ్లలో ఒక్క పొరపాటూ చెయ్యలేదన్నావుగా!"

"అందుకే ఒకటి మిగుల్చుకున్నా. పిల్ల కిటికీ పట్టుకుని వేలాడటం నేను చూడలేనమ్మా."

"నేను టైముకే వస్తానుగా! నాకెవరైనా ఇలా దొంగ టైం ఇచ్చారా?"

తాతయ్య గోడవైపు చూపించాడు. అక్కడ పాప నకలు అంటించి ఉంది. 'ఆదివారం, అమ్మ రాక: ఆరున్నర.' కూతురి కాగితంలో ఉన్నది ఆరు. ప్రతి ఆదివారం ఆమె ఆరూ ఇరవైకి చేరడం, పాప "అమ్మ ముందే వచ్చేసింది!" అని చప్పట్లు కొట్టడం గుర్తొచ్చాయి.

ఆమె కాగితం మడిచి గేటు దగ్గరికి నడిచింది.

"ఇదిగో, పడిపోయింది. ఇన్నాళ్లూ పోనీలే అని ఊరుకున్నా. వచ్చే వారం నుంచి ఐదున్నరంటే ఐదున్నరే!"

ఆమె పెద్దమనసుకి అల్లుడు నోరు వెళ్లబెట్టాడు.