ఫ్రెంచ్ రేసర్‌కి అంత పేరెందుకు

అందంగా ఉంటే చాలట, ఫాలోవర్లు వాళ్లంతట వాళ్లే వస్తారట! నా ఫోన్‌లో ఫ్రెంచ్ స్నోబోర్డ్ క్రాస్ రేసర్ ఫొటో చూసి మా రూమ్‌మేట్ అన్న మాట ఇది. మంచుకొండ మీంచి నలుగురో ఆరుగురో ఒకేసారి, రెండు కాళ్లకీ కలిపి ఒకే పలక కట్టుకుని దూసుకొచ్చే పందెం అది. ఒకరినొకరు రాసుకుంటారు, పడతారు. దానికీ అందానికీ ఏం సంబంధం?

అమెరికాలో, పార్సిప్పనీలోని మా అపార్ట్‌మెంట్‌లో ఆ శనివారం పొద్దున్నుంచీ ఇదే గొడవ.

"అసలు నువ్వు ఒక్క రేసైనా ఫుల్‌గా చూశావటే?"

చూడలేదు. మోకాలి ఆపరేషన్ తర్వాత ఆమె మళ్లీ ఎలా గెలిచిందో, వాళ్ల దేశంలో ఏ పత్రికల అట్టల మీదకి ఎక్కిందో గడగడా చెప్పగలను. కొండ దిగుతూ ఆమె ఏం చేస్తుందో మాత్రం తెలియదు. ఆ మాట ఒప్పుకుంటానా?

"సాయంత్రం టీవీలో వేస్తారు. చూసి మాట్లాడు. గెలిచేది తనే!" అన్నాను.

పోటీ యూరప్‌లో. ఇక్కడ చూపించేది కొన్ని గంటల తర్వాత. మధ్యాహ్నం ఆగలేక ఫోన్‌లో వెతికాను. సెమీఫైనల్‌లో పడిపోయిందని ఒక్క లైను. ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రం రూమ్‌మేట్ వాళ్ల నాన్న కూడా మాతో కూర్చున్నారు. శ్రీశైలం ఘాట్‌లో ఏళ్ల తరబడి బస్సు నడిపి రిటైరై, కూతురి దగ్గర కొన్నాళ్లుందామని వచ్చారు.

"నీలం హెల్మెట్ పిల్లేనా నువ్వు చెప్పేది?"

"అవునంకుల్."

"ఆపమ్మా, ఆపు. ఎనక్కి తిప్పు."

"డాడీ, రేస్ అవ్వనీ!"

"నువ్వాగవే. చూడు, అందరూ మలుపులకొచ్చినంక తిరుగుతున్నరు. ఈ పిల్ల ముందే బయటికి జరిగి లోపలికి కోస్తున్నది. ఘాట్ల బస్సు గిట్లనే తిప్పాలె."

మూడుసార్లు తిప్పించారు. మూడోసారి నాకూ కనిపించింది. ఇన్నాళ్లూ నేను ఫాలో అయింది ఈ మనిషినేనా అనిపించింది.

తర్వాతి మలుపులో పక్కనామె బోర్డు తగిలి ఆమె పడింది. కెమెరా వెంటనే అమెరికన్ రేసర్ వెంట పరుగెత్తింది.

"ఇదేనా నీ చాంపియన్?" రూమ్‌మేట్ నవ్వింది.

"పడిందని నాకు మధ్యాహ్నమే తెలుసు!" అరిచేశాను.

"తెలిసీ మమ్మల్ని కూర్చోబెట్టావా!"

అంకుల్‌కి మా గొడవ పట్టలేదు. "ఆ పిల్లని చూపెట్టరేంది? లేసిందా? నీ ఫోన్ల చూడమ్మా."

వెతికాను. "లేచిందట అంకుల్. చివరిదాకా దిగిందట."

"మంచిగైంది. మళ్ల రేస్ ఎప్పుడు?"

హెల్మెట్, గాగుల్స్ మాటున ఆమె ముఖం ఆయనకి ఒక్కసారి కూడా కనబడలేదు. ఇంకా ఆమె పేరు అందం వల్లే అంటారా? అనండి, నేనూ వింటాను.