జనరేటర్‌ను ఆపిన గ్రెమ్లిన్

దయ్యాలు లేవని నిరూపించబోయి, దయ్యం చేయవలసిన పనంతా నేనే చేసిపెట్టిన ఘనచరిత్ర ఇది. నవ్వదలచినవారు ఇప్పుడే సర్దుకు కూర్చోండి.

అప్పుడు నేను ఒమాన్‌లో, దుక్మ్ రేవు పక్క సైట్‌లో స్టోర్ కీపర్‌ని. ఉద్యోగం సామాన్లివ్వడం, వ్యసనం ఉపన్యాసం. ఆ వారం మా జనరేటర్ రెండుసార్లు దానంతటదే ఆగిపోయింది. జగిత్యాల మెకానిక్ గంగారాం దానికి నిమ్మకాయ, మిరపకాయల దండ కట్టాడు.

"ఇంజను ఆపేటి ఎర్ర బటన్ ఎవ్వలు ఒత్తకుండనే లోపటికి పోతుందన్నా. నేనేం జెయ్యాలె?"

ఫోర్‌మన్‌ది శ్రీకాకుళం. "ఇంకొక్కసారి ఆగిందంటే నిన్ను ఊరికి పంపేస్తాను" అని గంగారాంకు తేల్చి చెప్పేశాడు.

నా రక్తం ఉడికింది. టీ వేళ అందరినీ జనరేటర్ దగ్గర పోగుచేశాను. దుక్మ్ గాలికి ఇసుక నోట్లో పడకుండా నా సభలెప్పుడూ దాని చాటునే జరిగేవి. దండ తెంపి చేతబట్టుకుని, కళ్లద్దాలు సర్దుకుని, ఇంజను మోతను మించి అరిచాను.

"ప్రపంచయుద్ధంలో ఆంగ్లేయ పైలట్లూ మీలాంటివాళ్లే. విమానం చెడితే గ్రెమ్లిన్ అనే బుడ్డ దయ్యం తీగలు కొరికిందనేవాళ్లు."

"అది ఏం తింటదన్నా?" అన్నాడొక కూలీ.

"లేనిది ఏం తింటుంది?"

"లేంది తీగలెట్ల కొరికింది మరి?"

చూశారా, తర్కానికి ఎలాంటి శిష్యులు దొరికారో. "దండ తీశాను. జనరేటర్ ఆగిందా?" అంటూ ఛాతీ విరిచి, వీపు దానికే ఆనించాను.

జనరేటర్ ఆగింది.

కోడి కూస్తే తెల్లవారుతుందంటారు. నేను కూస్తే ఇంజను ఆరింది.

ఫోర్‌మన్ పరుగెత్తుకొస్తున్నాడు. గంగారాం ముఖంలో నెత్తురు లేదు. నేను పక్కకు జరిగి చూస్తే, నా వీపు ఆనిన చోట ఎర్ర బటన్ లోపలికి పోయి ఉంది. కిందటి రెండుసార్లూ నా సభ అక్కడే జరిగిందని అప్పుడు గుర్తొచ్చింది.

గంగారామూ బటన్ చూశాడు. నా చెవిలో గొణిగాడు: "గ్రెమ్లిన్ జేసిందందాం అన్నా. నీ పేరు రాదు, నా కొలువు పోదు."

పైలట్లు ఆ బుడ్డవాణ్ణి ఎందుకు పెంచుకున్నారో క్షణంలో అర్థమైంది. అయినా లొంగలేదు.

"దయ్యం కాదు. మూడుసార్లూ నొక్కింది నా వీపే. గంగారాంను పంపడానికి వీల్లేదు" అన్నాను ఫోర్‌మన్‌తో.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "గంగారామూ, నువ్వుండు. గురువుగారూ, దయ్యాల్లేవని ఇకనుంచి స్టోర్లోనే చెప్పుకోండి."

వెనకనుంచి ఆ కూలీ గొంతు: "ఉన్నదన్నా గ్రెమ్లిన్. కండ్లద్దాలు పెట్టుకుంటది."

కనుక మనస్సాక్షి మీద ప్రమాణం చేస్తున్నాను. ఇక ఏ యంత్రానికీ ఆనుకుని మాట్లాడను. దయ్యాలు లేవని మాత్రం చచ్చేదాకా చెబుతాను. చచ్చాక వచ్చి చెప్పను, అది సిద్ధాంతానికి విరుద్ధం.