షమీమ్ పేరుతో లోపలికి వెళ్ళింది నేను

ఇన్నేళ్ళుగా ఒక మాట నా గుండెల మీద బండలా ఉంది. ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో వాళ్ళకి కూడా. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలియనక్కరలేదు. అందుకే మీకు చెబుతున్నాను.

ముందే ఒక సంగతి. పనిలో నేను గట్టివాణ్ణి. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. రెండు వేల సంవత్సరం దాటిన ఆ రోజుల్లో ఏలూరు బజారులో ఎవరి కంప్యూటర్ మొరాయించినా ముందు నాకే కబురొచ్చేది. ఇది గొప్పకి చెప్పడం లేదు. కాదు, గొప్పకే చెబుతున్నాను. ఆ గొప్పే కదా ఇంత పనీ చేసింది.

ఐసు ఫ్యాక్టరీ షావుకారు గారొకరు నన్ను పిలిపించారు. కొల్లేరు చెరువుల్లో చేపలు పట్టే రోజున రైతులకి ఐసు లారీ పంపడం ఆయన వ్యాపారం. కైకలూరులో ఒక బ్రాంచి ఉంది, తాడేపల్లిగూడెంలో కొత్తగా ఇంకొకటి తెరుస్తున్నారు. బుకింగులన్నీ ఏలూరు ఆఫీసులో ఒక్క పెద్ద కంప్యూటర్లోనే ఉండాలి. అందరూ ఎవరి బల్ల దగ్గర నుంచి వాళ్ళు అందులోకి వచ్చి పని చేసుకోవాలి. రిమోట్ డెస్క్‌టాప్ పెట్టాను. ఎవరేం చేశారో తెలిసేలా మనిషికో పేరు, పాస్‌వర్డ్ ఇమ్మన్నారాయన. ఇచ్చాను. కాకపోతే పాస్‌వర్డులన్నీ పెట్టింది నేనే, అన్నీ నాకు కంఠతా వచ్చు.

ఏలూరు ఆఫీసులో బుకింగులు చూసేది షమీమ్ అనే అమ్మాయి. వాళ్ళ నాన్న దర్జీ. ఆ ఇంట్లోంచి ఆఫీసు ఉద్యోగానికి వచ్చిన మొదటి ఆడపిల్ల. ఏదైనా ఒకసారి చూపిస్తే చాలు, రెండోసారి అడిగేది కాదు.

ఒకరోజు పొద్దున్నే తాడేపల్లిగూడెం బ్రాంచికి వెళ్ళాను. అక్కడివాళ్ళకి ఇంకా పేర్లు పెట్టలేదు. తర్వాత పెట్టొచ్చులే అని, లైను ఎలా ఉందో చూడ్డానికి షమీమ్ పేరుతోనే లోపలికి వెళ్ళాను. నేను పెట్టిన పద్ధతిలో, ఒకే పేరుతో రెండో చోటు నుంచి వెళితే మొదటివాళ్ళ స్క్రీను పోతుంది, వాళ్ళు తెరిచి ఉంచుకున్నది ఉన్నపళంగా రెండోవాళ్ళ ముందుకొస్తుంది. ఇది నాకు బాగా తెలుసు. ఆ క్షణాన మాత్రం తట్టలేదు. ఎదురుగా కైకలూరు రైతు బుకింగు ఒకటి కనిపించింది. పరీక్ష కోసం నేను అంతకుముందు ఉత్తుత్తి బుకింగులు కొన్ని పెట్టాను, వాటిలో ఒకటే అనుకున్నాను. క్యాన్సిల్ నొక్కాను. ఎంత చురుగ్గా పనిచేస్తోందో అని మురిసిపోయి టీ తాగడానికి లేచాను.

ఆ సమయానికి షమీమ్, ఆ బుకింగులో లారీ నంబరు మార్చబోతూ, డ్రైవరుతో ఫోన్లో మాట్లాడుతోందట. స్క్రీను పోతే లైను పోయిందనుకుంది. అప్పుడప్పుడూ పోయేదే మరి. మళ్ళీ వచ్చాక ఆ బుకింగు ఎదురుగా లేకపోతే, నంబరు మారి మూసుకుపోయిందనుకుని ఇంకో పనిలో పడిందట.

మర్నాడు ఆ రైతు చెరువు గట్టున చేపలు కుప్పపోసి లారీ కోసం చూశాడు. లారీ రాలేదు, ఎండ మాత్రం వచ్చింది. చేపలన్నీ పాడయ్యాయి. ఏలూరు వచ్చి ఆఫీసు మెట్ల మీద కూలబడి ఆయన పెట్టిన కేకలు వీధంతా విన్నారు.

షావుకారు గారు నన్ను రప్పించారు. కంప్యూటర్లో చూశాను. క్యాన్సిల్ చేసినవారు షమీమ్ అని ఉంది. పక్కనే టైము కూడా ఉంది. ఆ వేళకి తాడేపల్లిగూడెంలో కూర్చుని ఆ పేరుతో లోపల ఉన్నది నేను.

"ఏవండీ, ఈ అమ్మాయి పేరుతో ఇంకెవరైనా లోపలికి రాగలరాండీ?" అని షావుకారు గారు నన్నడిగారు.

"నేను చెయ్యలేదండీ," అంది షమీమ్. "స్క్రీను పోయిందండీ, మళ్ళీ వచ్చిందండీ, అంతే. మీరు చెప్పండి సార్. మీకు తెలుస్తుంది కదండీ?"

ఏ అనుమానమూ లేకుండా నా వంక చూసింది.

"రాలేరండీ," అన్నాను. "ఎవరి పేరుతో వాళ్ళే వెళ్ళాలండీ."

ఎందుకన్నాను ఆ మాట? భయమా? షావుకారు గారు నాలుగు తిట్లు తిట్టేవారు, నేను తల వంచుకునేవాణ్ణి, అంతకు మించి ఏమయ్యేది? బజారులో మరో ఇద్దరు నా పని చూసి తమకీ పెట్టించుకోవాలని ఆగి ఉన్నారు, వాళ్ళ ముందు నా పేరు పోకూడదు, ఈ ఊళ్ళో పొరపాటు చెయ్యనివాడు ఒకడున్నాడంటే అది నేనే కావాలి అన్న పొగరు, అదే అసలు సంగతి. దానికోసం ఒక పిల్ల పొట్ట కొట్టాను.

షమీమ్‌ని ఆ రోజే మానిపించేశారు. వ్యాపారులంతా ఒకరికొకరు తెలిసినవాళ్ళే, ఇంకెవరూ పనిలోకి తీసుకోలేదు. మనకు ఈ ఆఫీసులు వద్దని వాళ్ళ నాన్న ఇంట్లో కూర్చోబెట్టాడని విన్నాను. నేను మాత్రం ఆ వారంలోనే వెళ్ళి, అందరిచేతా ఎవరి పాస్‌వర్డ్ వాళ్ళచేతే మార్పించాను. జాగ్రత్తపరుణ్ణని షావుకారు గారు మెచ్చుకున్నారు. సిగ్గేసింది. అయినా నోరు విప్పలేదు.

ఆయన ఇప్పుడు లేరు. షమీమ్ ఎక్కడుందో తెలీదు. వెతికితే తెలుస్తుంది. వెతకలేదు.

క్షమించమని మిమ్మల్ని అడగను. అడగాల్సినవాళ్ళని అడగకుండా మిమ్మల్ని అడగడమేమిటి? ఇది రాస్తుంటే మనసు తేలికపడుతున్న మాట నిజం. ఆ తేలిక నాకే, ఆమెకి కాదు. అదీ తెలుసు. అయినా ఆ గదిలో అనాల్సిన మాట ఇప్పుడంటున్నాను.

ఆ అమ్మాయి నిజమే చెప్పిందండీ. క్యాన్సిల్ చేసింది నేనండీ.