గాల్లో గంట

గన్నవరం నుంచి శంషాబాద్‌కి విమానం గంటే అని నాకు చెప్పని మనిషి లేడు. పటమటలో మా గుమ్మం నుంచి అక్క మంచం దాకా ఎంతసేపో మాత్రం ఎవరూ చెప్పలేదు.

అక్కకి హైదరాబాద్‌లో గుండె ఆపరేషన్. మధ్యాహ్నం లోపలికి తీసుకెళ్తారు. చెల్లి మొహం చూడకుండా వెళ్లనని పట్టుబట్టింది. పైగా ముందురోజు ఫోన్ చేసి, "రేపు శుక్రవారమే, పడమర శూల. పరస్థానం పెట్టుకుని రా" అంది. శూల ఉన్న దిక్కుకి వెళ్లక తప్పనప్పుడు, ముందే మంచి వేళ చూసి ఓ సంచి వేరే ఇంట్లో పెడతాం. ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. గురువారం సాయంత్రం నా సంచి ఎదురింట్లో పెట్టాను.

తెల్లారి చూస్తే ఎదురింటికి తాళం. నా ఆధార్ కార్డు ఆ సంచిలోనే ఉంది. ఎదురింటావిడకి ఫోన్ చేస్తే, ఆ ఫోనూ తాళం వేసిన తలుపు వెనకే మోగింది.

"కార్డు లేకపోతే ఎయిర్‌పోర్టు గుమ్మం కూడా దాటనివ్వరమ్మా" అన్నాడు మా అబ్బాయి. కాసేపు అటూ ఇటూ తిరిగి, "అసలు గన్నవరం మనకి తూర్పు కదా. తూర్పుకి పోయేదానికి పడమర శూలేంటి?" అన్నాడు.

"ఆ మాట నిన్న చెప్పాల్సింది."

"చెబితే వినేదానివా?"

వినేదాన్ని కాదు.

చివరికి ఆవిడ రైతుబజారు నుంచి గోంగూర కట్టలు పట్టుకుని తీరిగ్గా వచ్చింది. "అదేంటి పిన్నిగారూ, పదింటికన్నారు?"

"పదింటికి ఎగిరేది విమానం తల్లీ, నేను కాదు. ముందు తలుపు తియ్యి."

రామవరప్పాడు రింగు దగ్గర లారీల వెనక ఇరుక్కున్నాం. అబ్బాయి గడియారం చూస్తూనే ఉన్నాడు. నేను సంచి ఒళ్లోంచి దించలేదు.

ఎలాగో లోపలికి చేరాం. నాకు అక్షరాలు వచ్చింది నలభై దాటాక, మగ్గం పని మానేశాక. ఇప్పటికీ కూడబలుక్కునే చదువుతాను. అక్కడి బోర్డు మీద 'హైదరా' దాకా వచ్చేసరికి అది ఇంగ్లీషులోకి తిరిగిపోయింది. మళ్లీ తెలుగు వచ్చేదాకా కాచుకుని ఈసారి చివరి నుంచి చదివాను. 'ఆలస్యం' అని ఉంది. ఎంత ఆలస్యమో లేదు. అంత పరుగెత్తింది ఆ కుర్చీలో కూర్చోవడానికి.

విమానం ఎక్కాక మాత్రం గంట కూడా పట్టలేదు. శంషాబాద్‌లో దిగగానే అక్క కూతురు ఫోన్.

"ఎక్కడున్నారు పిన్నీ? స్ట్రెచర్ తెచ్చారు. డాక్టరు గారు రెండుసార్లు కబురు పెట్టారు."

"దిగామమ్మా."

"అయ్యో, ఇంకా అక్కడేనా?"

అప్పుడు తెలిసింది, హైదరాబాద్‌లో దిగడం వేరు, హైదరాబాద్ చేరడం వేరని. టాక్సీ పోతూనే ఉంది, ఊరు రాదు. ప్రతి సిగ్నల్ దగ్గరా నాకు స్ట్రెచరే కనబడింది.

ఆపరేషన్ గది తలుపు ముందు పడుకుని ఉంది అక్క. ఆకుపచ్చ గుడ్డల్లో చిన్నపిల్లంత కనబడింది. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది.

"పరస్థానం పెట్టావుటే?"

"పెట్టాను. అందుకే ఆలస్యమయింది."

ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, నా చెయ్యి తనే వదిలేసింది.

"ఇక పదండి బాబూ" అంది, స్ట్రెచర్ తోసేవాళ్లతో.